కుందేలు చెవులు

బొమ్మలు అల్లడం తేలిక అని వారపత్రికలో రాసిన మనిషెవరో నాకు తెలియదు. ఎవరైనా సరే, ఆ మనిషికి అత్తగారూ, పక్కింటివాళ్ళూ, ఇంటినిండా మిరపకాయలూ ఉండి ఉండవు. కొక్కెం సూది పట్టుకోవడం వస్తే చాలట, కుందేలుపిల్ల రెండు మధ్యాహ్నాల్లో తయారట. నాకు పద్దెనిమిది రోజులు పట్టింది. తయారయ్యాక కూడా అది కుందేలని నేను నోటితో చెబితే తప్ప ఒక్కరికీ తెలియలేదు.

అవి రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. మాది పర్చూరు వైపు పల్లె. నాకు పెళ్ళయి నాలుగేళ్ళు, పాపకు రెండున్నరేళ్ళు. డిగ్రీ అవుతూనే పెళ్ళి చేసేశారు కాబట్టి టీచరు కావాలన్న కోరిక అలాగే ఉండిపోయింది. చివరికి గుంటూరులో బీఈడీ సీటు వచ్చింది. ఆ ఏడు కౌన్సెలింగ్ బాగా ఆలస్యమై, క్లాసులు మార్చి మొదట్లో అన్నారు. హాస్టల్లో ఉండాలి, శనివారాలు ఇంటికి రావచ్చు. మా ఆయన సరేనన్నాడు. ఆయన దేనికైనా సరేనంటాడు, అని చేలోకి వెళ్ళిపోతాడు. మిగతాదంతా మా అత్తయ్యా నేనూ తేల్చుకోవాలి.

అత్తయ్య వద్దనలేదు. ఒక్క మెలిక మాత్రం పెట్టింది.

"పగలు ఎట్టాగో చూసుకుంటా. నువ్వు లేకుండా పిల్ల పడుకుంటే పో. పడుకోకపోతే మాత్రం నావల్ల కాదు, ఆ సీటు సంగతి మర్చిపో."

చిక్కంతా నా చెవి దగ్గరే ఉంది. పాపకు నా ఎడమ చెవి తమ్మెను వేళ్ళతో నలుపుతూ ఉంటే తప్ప నిద్ర పట్టదు. కమ్మ తగిలితే చిరాకుపడి లాగేస్తుంది. అందుకని ఎడమ కమ్మ తీసి బీరువాలో పెట్టి, బెజ్జం పూడుకోకుండా చీపురుపుల్ల ముక్క పెట్టుకున్నాను. ఒక చెవికి కమ్మ, ఒక చెవికి పుల్ల. ఊళ్ళోవాళ్ళు నవ్వేవాళ్ళు. అత్తయ్యకు నవ్వు కూడా వచ్చేది కాదు. మొగుడు రాయిలా బతికుండగా చెవికి పుల్లేమిటని వచ్చేపోయేవాళ్ళ ముందే తిట్టేది.

పాపను అత్తయ్య పక్కన పడుకోబెట్టి చూశాం. చెయ్యి చాపి చెవి వెతుక్కుంది. అత్తయ్యవి ఏడురాళ్ళ కమ్మలు, చెవినంతా కప్పేసేవి. పాప తడిమి చూసి, ఇది రాయి అని చెప్పి, ఇల్లెగిరిపోయేలా ఏడుపు అందుకుంది. ఒక్క చెవిది తీస్తారా అత్తయ్యా అని అడిగాను. తాళి తీయమన్నట్టు చూసింది.

"నా పెళ్ళినాడు మా అమ్మ పెట్టింది. నేను పోయిన్నాడు తీస్తారు. ఈలోపు వాటి జోలికి రామాక" అంది.

అప్పుడు వచ్చింది నాకీ కుందేలు ఆలోచన. పాపకు కావలసింది చెవే కదా, పొడుగు చెవులున్న జంతువునొకదాన్ని చేసి చేతిలో పెడితే సరిపోతుందనుకున్నాను. స్కూలు రోజుల్లో టీవీ కవరూ గుమ్మానికి తోరణమూ అల్లిన చెయ్యి నాది. ఆ పొగరొకటి. చీరాల వెళ్ళినప్పుడు సూదీ ఉలెన్ దారం ఉండలూ కొన్నాను. తెల్లవి అయిపోయాయనీ, ఇటుకరంగు తప్ప లేవనీ కొట్టతను అన్నాడు. ఇటుకరంగు కుందేలును చూసినవాళ్ళెవరూ లేరు. అయినా తెచ్చుకున్నాను.

తోరణం అల్లేటప్పుడు వరస చివరికి వచ్చి, తిప్పి, మళ్ళీ వెనక్కి అల్లుతాం. బొమ్మకు అలా కుదరదు. ఆరు కుట్లతో చిన్న చక్రం మొదలుపెట్టి ఆగకుండా చుట్టూ తిరుగుతూ పోవాలి. రెండో చుట్టుకు పన్నెండు, మూడోదానికి పద్దెనిమిది, అలా పెంచుకుంటూ పోయి మళ్ళీ తగ్గించుకుంటూ రావాలి. చుట్టు ఎక్కడ మొదలైందో తెలియడానికి వేరే రంగు దారం ముక్క ఒకటి కట్టుకోమని రాశారు. అది అలంకారమేమోనని నేను కట్టలేదు. ఇక చూడండి నా అవస్థ. ఇరవై ఒకటి, ఇరవై రెండు అనుకుంటూ ఉండగా వసారాలోంచి పప్పు దించావా అని అత్తయ్య కేక. దించి వచ్చేసరికి ఎక్కడున్నానో తెలియదు. ఉజ్జాయింపుగా అల్లుకుంటూ పోతే తల కొబ్బరికాయంత అయింది. విప్పాను. మళ్ళీ అల్లితే ఒకవైపు బుర్ర వాచినట్టు వచ్చింది. మా ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందే అని భోజనానికి కూర్చున్నాడు. ఆ రోజు ఆయనకు పెరుగు వేయలేదు.

మూడోసారి బుద్ధిగా నల్లదారం ముక్క కట్టుకుని అల్లాను. తల బత్తాయంత వచ్చింది. ఒళ్ళూ కాళ్ళూ కూడా అయ్యాయి. అసలు పని అప్పుడు మొదలైంది. ఎందుకంటే నా పత్రికలో చెవులున్న పేజీ లేదు.

మా పక్కింటి అక్కకు సీరియళ్ళ పిచ్చి. అప్పట్లో చాలామందికి ఉండేది. వారం వారం సీరియల్ పేజీలు చింపి దాచుకుని, అంతా అయ్యాక గోనెసూదితో కుట్టి, మైదా జిగురుతో అట్ట వేసి, నవల చేసుకునేవాళ్ళు. నా పత్రికను ఆవిడ చదవడానికని పట్టుకెళ్ళి మర్యాదగా తిరిగిచ్చింది, తనకు కావలసిన పేజీలు తీసుకుని మరీ. కుందేలు చెవులు ఆ పేజీ వెనకాల ఉన్నాయి.

వెళ్ళి అడిగితే బీరువాలోంచి పుస్తకం తీసి చూపించింది. పేజీ ఉంది. కానీ చెవికి ఎన్ని కుట్లు, ఎన్ని వరసలు అన్న అంకెలన్నీ కుట్టు లోపలికి పోయాయి. పుస్తకాన్ని ఎంత విరిచినా కనబడవు. ఒక్క దారం తెంపి చూసి మళ్ళీ కుట్టిస్తానని బతిమాలాను. ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న కథ, ఒక్క ముడి తెగితే మొత్తం ఊడొస్తుందని పుస్తకాన్ని గుండెకు ఆనించుకుంది. పేజీ నాదే అక్కా అన్నాను. కథ నాది కదమ్మా అంది.

ఇంటికొచ్చి నా లెక్కన నేనే అల్లుకున్నాను. మొదటి చెవి బాగా వచ్చింది. రెండోది అల్లేటప్పటికి మొదటిదానికి ఎన్ని వరసలు వేశానో మర్చిపోయాను. అది రెండు వేళ్ళ పొట్టి అయింది. గడువు వారం కూడా లేదు. కుందేలుకు ఆ మాత్రం అవిటితనం ఉండనీ అనుకుని కుట్టేశాను.

పొట్ట నింపడానికి దూది కావాలి. ఇంట్లో పత్తికి కొదవలేదు, ముందుగదిలో కిటికీ దాకా గుట్ట. కానీ అదంతా గింజ పత్తి. గింజ తీసి శుభ్రం చేసిన దూది అత్తయ్య దగ్గర డబ్బాలో ఉంది. శివరాత్రి వత్తులకని రోజూ కాసేపు కూర్చుని వేళ్ళతో గింజలు వలిచి దాచుకునేది. అడిగితే, దేవుడి దూది బొమ్మ పొట్టలో కుక్కుతావా అని డబ్బా తీసుకెళ్ళి అటక మీద పెట్టింది.

సరే, నేనే వలుచుకున్నాను. అవి ఏడాది కారానికి కాయలు సిద్ధం చేసుకునే రోజులు. పొద్దున పూటంతా వసారాలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీయడం, మధ్యాహ్నం పత్తి గింజలు తీయడం. మధ్యలో సబ్బుతో చేతులు కడుక్కున్నాను. మా ఊరి ఆడవాళ్ళ చేతులకు మిరప మంట ఎప్పుడో పోయింది. కొత్తలో నాలుగు రోజులు కందిపోతాయి, ఆ తర్వాత తెలియదు. చేతులు మండటం లేదు కాబట్టి కారం లేదనుకున్నాను. అదీగాక వలిచిన దూది వేసింది, ముందురోజు దాకా కాయలు చెరిగిన చేటలో. వేసే ముందు గట్టిగా దులిపాను. దులిపితే చాలనుకునే బుద్ధి మా వైపు వాళ్ళకే పుడుతుంది. దారం ఇటుకరంగుదే కదా, అంటినా కనబడలేదు.

నాలుగు రోజుల్లో కాలేజీ అనగా, మధ్యాహ్నం నిద్రవేళకు పాప చేతిలో బొమ్మ పెట్టాను. చూసి, కుక్క అంది. ఏదో ఒకటిలే అనుకున్నాను. పక్కన పడుకోబెట్టుకుని పొడుగు చెవి పట్టుకుంది. వేళ్ళతో నలిపింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. నేను గుమ్మం దగ్గర నిలబడి, గుంటూరు బస్సు ఎక్కేసినంత సంబరపడ్డాను. అంతలో అది ఆ చెవిని నోట్లో పెట్టుకుంది.

ఆ అరుపుకు కళ్ళంలో కాయలు ఎత్తుతున్న కూలీలు కూడా వచ్చారు. పాప అదే చేత్తో కళ్ళు నులుముకుంది, కళ్ళు వాచిపోయాయి. నీళ్ళు కొట్టి, పెదవులకు నెయ్యి రాసి, పంచదార నోట్లో పోసి, ఎత్తుకుని తిప్పేసరికి గంట పట్టింది. అంతా సద్దుమణిగాక అత్తయ్య బొమ్మ చెవిని వేలితో రుద్ది నాలుక మీద పెట్టుకుని చూసింది.

"పాలు మాన్పించటానికి వేపాకు రాసుకున్నోళ్ళని చూశాగానీ, బొమ్మకి కారం కూరిన తల్లిని నిన్నే చూశా."

అందరూ నవ్వారు. పక్కింటి అక్క అందరికన్నా ఎక్కువ నవ్వింది. నేను ఆ బొమ్మను దొడ్లోకి విసిరేసి, నాకు బీఈడీ వద్దు, ఏమీ వద్దు, ఈ ఇంట్లో ఉండి జీవితాంతం తొడిమలు తీస్తానని పెద్దగా ఏడ్చాను. అంతమంది ముందు ఏడ్చినందుకు మరీ ఒళ్ళు మండింది.

మర్నాడు పొద్దున చూస్తే కుందేలు దండెం మీద పొడుగు చెవితో వేలాడుతోంది. పొట్ట విప్పేసి, దూది పారేసి, కుంకుడుకాయ రసంలో ఉతికి ఆరేసింది అత్తయ్య. ఎండాక అటక మీది డబ్బా దించి నా ముందు పెట్టింది.

"మజ్జిగతో చేతులు కడుక్కునొచ్చి ఇది కూరు. శివుడేం అనుకోడులే" అంది.

కూరాను. పాప మాత్రం ఆ బొమ్మను చూస్తే చాలు, చేతులు వెనక్కి పెట్టుకునేది. అలవాటు చేసే పూచీ నాది, నువ్వు పో అని అత్తయ్యే నా బట్టలు సర్దింది. నాకు నమ్మకం లేదు. అయినా వెళ్ళాను. హాస్టల్ నుంచి పక్కింటి ఫోనుకు చేస్తే అత్తయ్య వచ్చి, బొమ్మ చెవి పట్టుకుని హాయిగా పడుకుంటోందని చెప్పింది. ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. గదిలో ఆడపిల్లలందరికీ కుందేలు ఎలా అల్లాలో, చుట్టుకు గుర్తు దారం ఎందుకు కట్టుకోవాలో పాఠం చెప్పాను.

ఆ శనివారం ఇంటికి వెళ్ళేసరికి అత్తయ్య చెవిపోటని దూది పెట్టుకుని తలకు గుడ్డ కట్టుకుని ఉంది. డాక్టరుకు చూపించుకోమంటే కసిరింది. రాత్రి పాప నా పక్కనే, నా చెవి పట్టుకునే పడుకుంది. ఆదివారం మధ్యాహ్నం తిరుగు ప్రయాణం. పాపను చంకనేసుకుని అత్తయ్య బస్సు దాకా వచ్చింది. పాప చేతిలో కుందేలు ఉంది. అది ఏడవకూడదని నేను నవ్వుమొహం పెట్టుకుని నిలబడ్డాను. అది నావైపు కాసేపు చూసి, బొమ్మను నా చేతికిచ్చింది.

"అక్కడ ఏడవమాక అమ్మా. దీని చెవి పట్టుకుని బజ్జో. నాకు నాయనమ్మ చెవుందిగా."

అంటూనే అత్తయ్య తలగుడ్డలోకి చెయ్యి దూర్చింది. గుడ్డ జారిపోయింది. ఎడమ చెవికి ఏడురాళ్ళ కమ్మ లేదు. నలిపి నలిపి ఎర్రగా కందిన తమ్మె, బెజ్జంలో చీపురుపుల్ల ముక్క.

"కమ్మ శీల అరిగిందిలే, చేయించాలి" అని అత్తయ్య రోడ్డు వైపు చూసింది.

నా పద్దెనిమిది రోజుల కష్టం, మూడుసార్లు అల్లిన తల, పక్కింట్లో బతిమాలిన మాటలు, అన్నీ కలిసి నా చేతిలోకే తిరిగొచ్చాయి. అత్తయ్యా అన్నాను. బస్సొచ్చింది, ఎక్కు ఎక్కు అని ఆవిడే నన్ను తోసింది. పక్క సీటావిడ నా ఒళ్ళోది చూసి అదేమిటమ్మా, పందిపిల్లా అని అడిగింది. కుందేలండీ అన్నాను. దాని పొట్టి చెవి పట్టుకుని చిలకలూరిపేట దాకా ఏడుస్తూనే ఉన్నాను.