రామలక్ష్మమ్మ ఏడురాళ్ల కమ్మలు

వింజమూరు పక్క పల్లెలో రామలక్ష్మమ్మ నోటికి జడవనివాళ్లు లేరు. కలుపు సరిగా తీయకపోతే గట్టు మీద నుంచే కడిగేసేది. అంతటి మనిషిని ఆత్మకూరు నగల అంగడి వెంకటరమణయ్య సులువుగా బుట్టలో వేసుకున్నాడు.

ఆమెవి అవ్వ ఇచ్చిన ఏడురాళ్ల వజ్రాల కమ్మలు. మర అరిగిపోతే బాగుచేయిద్దామని భర్త రామనారాయణతో వెళ్లింది. వెంకటరమణయ్య భూతద్దం పెట్టి చూసి పెదవి విరిచాడు.

"రాళ్లు పసుపు తిరిగినాయమ్మా. లోపల మచ్చలుండాయి. ఇవి మార్చి కొత్తవి తీసుకోండి. ఫస్ట్ క్వాలిటీ."

తెల్లటి దీపాల కింద కొత్త కమ్మలు కళ్లు చెదిరేలా మెరిశాయి. బయట వెలుగులో చూస్తానంది రామలక్ష్మమ్మ. భర్త కసిరాడు.

"నీకేం తెలుసే రాళ్ల సంగతి? ఆయన మనకు కావలసినోడు. నోరు మూసుకోని తీసుకో."

నలుగురిలో ఎందుకులే అని పాత కమ్మలూ, పైన అడిగిన డబ్బూ ఇచ్చి కొత్తవి తీసుకుంది.

ఉదయగిరిలో పెళ్లికి పోతే, పగటి వెలుగులో మేనత్త పెంచలమ్మ ఆమె చెవి పట్టుకుని చూసింది.

"ఏందే ఇది, చచ్చిన చేప కన్ను మాదిరి ఉండాది?"

మర్నాడే కోడలు ఇందుని వెంటబెట్టుకుని నెల్లూరు వెళ్లి పరీక్ష చేయించింది రామలక్ష్మమ్మ. వెనక మూసేసిన కట్టు విప్పితే, రాయి కింద తళుకు రేకు. రేకు తీసేసరికి రాయి పసుపు రంగు తేలింది. నడుమ నల్లటి చుక్క.

"వజ్రమేనమ్మా, కాకపోతే నాసిరకం. కోత కూడా బాగలేదు, అందుకే వెలుగు నిలవట్లా," అన్నాడు పరీక్ష చేసినతను. "రంగు, మచ్చ, కోత, బరువు చూడాల. కట్టులో బిగించకముందే, తెల్ల కాయితం మీద, పగటి పూట."

ఆమె ఇంటికి పోలేదు. కోడలితో నేరుగా ఆత్మకూరులో బస్సు దిగింది.

అంగట్లో ఎవరో మొగుడూ పెళ్లాల ముందు ట్రే పెట్టి వెంకటరమణయ్య చెబుతున్నాడు: "పాతకాలం రాళ్లు. ఇట్టాంటివి ఇప్పుడు దొరకవు."

ట్రేలో ఉన్నవి ఆమె అవ్వ కమ్మలే.

"నా చెవిలో ఉంటే పసుపు తిరిగినాయా? నీ ట్రేలోకొస్తే దొరకనివైనాయా?" ఆమె అరుపుకు పక్కనున్న బట్టల కొట్లోవాళ్లు కూడా బయటికి వచ్చారు.

"అమ్మా, లోపలికి రాండి, మాట్లాడుకుందాం."

"లోపల మాట్లాడినందుకే ఈ గతి! ఎండలోకి రా!"

రెండు జతలూ తీసుకెళ్లి మెట్ల మీద తెల్ల కాగితం పరిచి పెట్టింది. ఏవి వెలుగుతున్నాయో, ఏవి చచ్చిపడి ఉన్నాయో చూసినవాళ్లకు భూతద్దం అక్కర్లేకపోయింది. కొనడానికి వచ్చిన దంపతులు చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు.

వెంకటరమణయ్య రామనారాయణకు ఫోన్ కొట్టి ఆమె చేతికిచ్చాడు.

"పరువు తీస్తా ఉండావు, ఇంటికి రా!"

"ఈడ దొంగతనం జరిగింది. నీ పరువు సంగతి తర్వాత. ముందు నువ్వు ఈడికి రా."

సాయంత్రానికి పాత కమ్మలు ఆమెకు దక్కాయి. అదనంగా తీసుకున్న డబ్బంతా వెంకటరమణయ్య తిరిగి ఇచ్చాడు. తప్పయిందని మాత్రం అనలేదు. రామనారాయణ తలొంచుకుని మెట్ల కింద నిలబడ్డాడు.

ఇప్పటికీ బస్సు ఆ అంగడి మీదుగా వెళితే రామలక్ష్మమ్మ ముఖం తిప్పుకోదు. కిటికీలోంచి సూటిగా, కనుమరుగయ్యేదాకా చూస్తూనే ఉంటుంది.