ఎర్ర స్విచ్ నొక్కే అక్క

అశోక్‌నగర్‌లో మా పై పోర్షన్‌లో కొన్నాళ్లు కిరాయికి ఉన్న అక్క రోజూ బండి స్టార్ట్ చేసి, హ్యాండిల్ మీది ఎర్ర స్విచ్ నొక్కి ఇంజిన్ ఆపేది. ఆగిందని నమ్మకం కుదిరాకే మళ్లీ స్టార్ట్ చేసి బయలుదేరేది. అది నాలుగు వందల సీసీ బండి. పైన తొడుగు లేక ఇంజిన్, గొట్టాలు అన్నీ బయటికే కనిపించేవి.

“రేసు బండ్లు కిందపడి తొడుగులు పలిగితే, కొందరు పీకేసి గట్లనే నడిపిన్రు. ఇసొంటి బండ్లు అట్ల మొదలైనయి” అని చెప్పింది ఒకసారి. కిందపడటం అనే మాటకే నాకు భయం.

ఒక ఉదయం నన్ను కాలేజీ దగ్గర దింపుతానని ఎక్కించుకుంది. నారాయణగూడ చౌరస్తాలో సిగ్నల్ పడింది. ఆమె యాక్సిలరేటర్ వదిలింది కానీ అది వెనక్కి తిరగలేదు. బండి అరుస్తూ ముందున్న బస్సు మీదికి దూసుకుపోతోంది. నేను ఆమెను గట్టిగా పట్టుకున్నాను. ఆమె బొటనవేలు ఎర్ర స్విచ్ మీద పడింది. ఇంజిన్ రొద ఆగిపోయింది. బ్రేకు గట్టిగా పట్టుకుని, బస్సుకు జానెడు దూరంలో ఆగాం.

బండి పక్కకు నెట్టాక హెల్మెట్ పట్టీ విప్పుకోవడానికి ఆమెకు చేతులు ఆడలేదు. నేనే విప్పాను. ముఖమంతా చెమట.

“నీకు భయమే ఉండదనుకున్న అక్కా.”

“రోజూ భయమే. అందుకే గా స్విచ్ చూస్కుంట.”

సాయంత్రం చిక్కడపల్లిలో పట్టేసిన యాక్సిలరేటర్ కేబుల్ మార్పించుకొచ్చింది. మర్నాడు గేటు ముందు బండి ఆపి “వస్తవా?” అని అడిగింది. ఆమె బొటనవేలు ఎర్ర స్విచ్ మీదే ఉంది. నాకూ భయమే. ఆమెను ఒక్కదాన్నే పంపబుద్ధి కాక ఎక్కి కూర్చున్నాను.