గడ్డిలో ఎర్ర పిడి

కోతలాయన కత్తితో కోసింది తక్కువ, నోటితో కోసింది ఎక్కువ. ఆ పేరు ఎవరు పెట్టారో తెలియదు గానీ, పెట్టినవాడి నోట్లో చక్కెర పొయ్యాలి. ఎందుకంటే ఆయన బతుకుతెరువు కూడా కత్తులతోనే. బావమరిదికి ఒక కొట్టుంది. కొండలెక్కేవాళ్ళకూ అడవుల్లో తిరిగేవాళ్ళకూ కావలసిన గుడారాలు, తాళ్ళు, బూట్లు, కత్తులు అన్నీ అందులో దొరుకుతాయి. ముందు గదిలో బావమరిది అమ్ముతాడు. వెనక గదిలో కోతలాయన కత్తులకు సాన పడతాడు, చిరిగిన గుడారాలకు మాసికలు వేస్తాడు, మధ్యమధ్యలో ఎవరైనా ఖాళీగా దొరికితే వాళ్ళ చెవులకు పని పెడతాడు.

చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది. దాన్ని కూడా ఆయన ఊరికే వదల్లేదు. పరీక్ష కాగితం తనని చూసి జడుసుకుని కిటికీలోంచి దూకేసిందనీ, పట్టుకుందామని వెంటపడితే ఇప్పటిదాకా దొరకలేదనీ చెబుతాడు. ఆ వెంటపడటంలోనే లారీ మీద క్లీనరుగా తిరిగాడు, రొట్టెల బట్టీలో నిప్పు చూశాడు, రంగుల దుకాణంలో డబ్బాలు మోశాడు. ఈ చివరి ఉద్యోగం మాత్రం రెండు వారాలు కూడా నిలవలేదు. ఎందుకు నిలవలేదో అడిగితే, యజమాని కూతురు తనని చూసి అన్నం మానేసిందనీ, ఆ పిల్ల ప్రాణం కాపాడటానికే వచ్చేశాననీ అంటాడు.

అసలు సంగతి వేరు. ఎరుపు డబ్బా తెమ్మంటే ఆకుపచ్చ డబ్బా తెచ్చేవాడు. ఆకుపచ్చ తెమ్మంటే ముదురు గోధుమ రంగు తెచ్చేవాడు. ఆయన కంటికి ఆ మూడూ ఒక తల్లి బిడ్డలు. మొహాలు కాస్త అటూ ఇటుగా ఉన్నా, చీకటి పడ్డాక ఇంటికి చేరిన పిల్లల్లా కలిసిపోయేవి. ఈ సంగతి తెలిసింది తనకొక్కడికే అనుకునేవాడు. పెళ్ళయిన కొత్తలో ఒకరోజు చలేస్తోందని, "ఆ ఆకుపచ్చ దుప్పటి ఇటివ్వు" అన్నాడు భార్యతో. ఇంట్లో ఆకుపచ్చ దుప్పటే లేదు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, మారుమాట లేకుండా ఎర్రది తెచ్చి కప్పింది. ఆ తర్వాత టమాటాలు కొనడానికి ఎప్పుడూ ఆయన్ని పంపలేదు. ఆయన వస్తువులన్నింటికీ ఏదో ఒక మూల నీలం దారంతో రెండు కుట్లు వేసేది. ఎందుకని ఆయన అడగలేదు. ఎందుకో ఆవిడ చెప్పలేదు. కొన్ని కాపురాలు మాటల మీద నడుస్తాయి. వీళ్ళది ఈ విషయంలో నీలం దారం మీద నడిచింది.

వారంలో ఆరు రోజులు కోతలాయన బావమరిది కొట్లో పనివాడు. ఆదివారం మాత్రం రాజు. కొండ నడకకు వెళ్ళే బృందమొకటి ఆ కొట్టు దగ్గర చేరుతుంది. పళ్ళ డాక్టరమ్మ, ఒక దర్జీ, ఇంకా కొందరు. వాళ్ళందరికీ ముందు నడిచేది కోతలాయన. రాయి మీద కాలు పెడితే అది కదిలేదో కదలనిదో ఆయన మడమకు తెలుస్తుంది. వాన ఏ వైపు నుంచి వస్తుందో ముక్కుకు తెలుస్తుంది. చదువుకున్నవాళ్ళూ కొలువులున్నవాళ్ళూ నోరు మూసుకుని తన వెనకాల నడవడం ఆయనకు ఎక్కడా దొరకని గౌరవం. అదొక్కటీ పోతే ఇక మిగిలేది సానరాయే.

ఇబ్బందల్లా కత్తులతో వచ్చేది. కొండ మీద తాడు కోసో కొమ్మ కోసో కత్తిని పక్కన పెట్టి రెండడుగులు వేశాడంటే, మళ్ళీ అది గడ్డిలో కనబడేది కాదు. మొదట పోయింది నారింజ రంగు పిడి కత్తి.

"గద్ద ఎత్తుకెళ్ళిందిరా," అన్నాడు బావమరిదితో. "గూట్లో కూర్చుని పిల్లలకు మాంసం సన్నగా తరిగి పెడుతోంది. నా కళ్ళతో చూశాను. చంటి పిల్లలు కదా, పెద్ద ముక్కలు మింగలేవు."

"పోనీలే బావా, పుణ్యం," అన్నాడు బావమరిది. ఈసారి మరింత మెరిసే రంగు కత్తి ఇచ్చాడు. నిప్పులాంటి ఎరుపు.

అదీ పోయింది. ఎలుగుబంటికి కాలి గోరు అడ్డంగా పెరిగి కుంటుతోందట. మొహమాటపడుతూ అడిగితే కాదనలేక ఇచ్చేశాడట. బావమరిది కడుపు పట్టుకుని నవ్వాడు, రంగు ఇంకా పెంచాడు. ఆయన వైద్యం అదే. కత్తి పోయిన కొద్దీ ఎరుపు మోతాదు పెంచుతూ పోవడం. రోగి చూస్తే ఆ మందుతోనే చస్తున్నాడు.

అలా ఉండగా బృందం వాళ్ళకు ఒక ఆలోచన వచ్చింది. కొత్త దారిలో వెళ్దాం, అందరం ఒకే రంగు జాకెట్లు, ఒకే రంగు కత్తులు కొందాం, దారి పొడుగునా కొమ్మలకు అదే రంగు పట్టీలు కడదాం, ఎవరైనా వెనకబడితే పట్టీలు చూసుకుంటూ వస్తారు. అందరికీ నచ్చింది. రంగు ఏదన్నది శనివారం మధ్యాహ్నం కొట్లో కూర్చుని తేల్చుకుందామన్నారు.

బావమరిది బల్ల మీద కత్తులు పరిచాడు. ఎరుపు, నారింజ, పసుపు, నీలం. ఒరలు కూడా అవే రంగులు. పెళ్ళికి ముస్తాబైన పిల్లల్లా ఉన్నాయి.

"ఎరుపే," అన్నాడు దర్జీ, చూసీ చూడగానే. "కంటికి కొట్టొచ్చినట్టు ఉంది."

కోతలాయన గొంతు సవరించుకున్నాడు. "ఎరుపు ప్రమాదమండీ. తేనెటీగలు మీద పడతాయి. ఒకసారి ఎర్ర టోపీ పెట్టుకున్నవాణ్ణి తేనెటీగలు ఎత్తుకుపోయి పక్క కొండ మీద దించాయి. పాపం, వాడు తిరిగి రావడానికి బండి మాట్లాడుకోవాల్సొచ్చింది."

అందరూ నవ్వారు. బావమరిది నవ్వుతూనే, "తేనెటీగలకు అసలు ఎరుపు కనబడదట బావా. మొన్న ఎక్కడో చదివాను," అన్నాడు.

అయితే తేనెటీగ కూడా మన చుట్టమేనన్నమాట, అనుకున్నాడు కోతలాయన.

"మాటలెందుకు," అన్నాడు బావమరిది. "వెనక దొడ్లో గడ్డి మోకాలి దాకా పెరిగింది. కత్తులు అందులోకి విసురుతా. తలా ఒకటి వెతకండి. ఏది తొందరగా దొరికితే అదే కొందాం."

కోతలాయన ఒక అడుగు వెనక్కి వేశాడు. ఏదైనా పని గుర్తొచ్చినట్టు తప్పుకుందామనుకున్నాడు. అప్పటికే డాక్టరమ్మ దొడ్డి తలుపు తీసింది. దొడ్లో గుమ్మం పక్కన కుట్టు మిషను ముందు కూర్చుని ఆయన భార్య కత్తుల ఒరలు కుడుతోంది. వీళ్ళందరూ రావడం చూసి కాలు ఆపింది.

నాలుగు కత్తులు నాలుగు వైపులకు ఎగిరి పడ్డాయి. డాక్టరమ్మ పసుపుది వెతకబోయింది. ఎండిన గడ్డిలో కాస్త తడబడి తెచ్చింది. దర్జీ వెళ్ళి నారింజది చిటికెలో పట్టుకొచ్చాడు.

"ఎర్రది నువ్వు తియ్యి బావా. ముందు నడిచేవాడివి, నీకెంత సేపు."

ఆయన గడ్డిలోకి దిగాడు. ఎప్పుడూ చేసే కిటుకు చేశాడు. పడ్డప్పుడు చప్పుడు ఎటు వినబడిందో అటు నడిచాడు, కాలితో తడిమాడు. ఇనుము మెరుస్తుందేమోనని చూశాడు, ఒరలో ఉన్న కత్తి ఎక్కడ మెరుస్తుంది. ఆయన ముందు ఉన్నది ఒకటే రంగు. పచ్చి గడ్డి, ఎండు గడ్డి, మట్టి, అన్నీ కలిపి పాత గోనె సంచి పరిచినట్టు.

"కాలి దగ్గరే ఉంది కదండీ," అన్నాడు దర్జీ.

ఆయన కిందికి చూశాడు. ఇటు చూశాడు, అటు చూశాడు.

"అబ్బ, ఏం నటిస్తున్నారండీ," అంది డాక్టరమ్మ. నవ్వులు మొదలయ్యాయి.

ఈసారి గద్ద రావాలి. లేదంటే ఎలుగుబంటి. నోట్లో కథ సిద్ధంగానే ఉంది, నాలుక చివర నిలబడి సైగ కోసం చూస్తోంది. కానీ రేపు ఇదే రంగు పట్టీలు కొండంతా కడతారు. వీళ్ళందరూ తన మడమలు చూస్తూ నడుస్తారు. తను పట్టీలు చూస్తున్నట్టు తల తిప్పుతూ నడవాలి. కథను మింగేశాడు.

"నాకు కనబడటం లేదు," అన్నాడు. "ఎరుపూ ఆకుపచ్చా నాకు ఒక్కటే. చిన్నప్పటి నుంచీ అంతే."

నవ్వులు రెట్టింపయ్యాయి. దర్జీ అయితే గోడకు ఆనుకున్నాడు. "ఇంతవరకూ చెప్పిన వాటన్నిటిలోకీ ఇదే బాగుందండీ. కొండంతా ఆకుపచ్చ, దాని మీద నడిపించేవాడికి ఆకుపచ్చ తెలీదట."

"నిజం చెబుతున్నా."

"మీరెప్పుడు అబద్ధం చెప్పారు కనుక."

"సరే బావా, ఆ కత్తి ఈసారి ఎవరు ఎత్తుకెళ్ళారో కూడా చెప్పు," అన్నాడు బావమరిది కళ్ళు తుడుచుకుంటూ.

కోతలాయన తెల్లబోయాడు. ఇన్నేళ్ళుగా ఏది చెప్పినా చెల్లింది. ఎలుగుబంటి గోళ్ళు కత్తిరించుకుందంటే తలాడించారు. ఉన్నది ఉన్నట్టు చెప్పిన రోజున ఒక్కడూ కొనుక్కునేలా లేడు.

"నిజమేరా," అంది ఆయన భార్య మిషను దగ్గర నుంచి.

"నువ్వూ నేర్చుకున్నావా అక్కా. ఒకింట్లో ఇద్దరు అక్కర్లేదు, ఆయనొక్కడు చాలు."

ఆవిడ లేచి వెళ్ళి భర్త పక్కన నిలబడింది. వంగి ఆయన కాలి దగ్గరున్న ఎర్ర కత్తి తీసి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. అందులో హాస్యం ఎక్కడా కనబడలేదు ఎవరికీ. నవ్వులు ఒక్కొక్కటిగా తగ్గాయి.

డాక్టరమ్మ మొహం మారింది. "ఒక్క నిమిషం," అంది. "పోయిన చలికాలం నేను దారి పక్కన పొదల్లో కూర్చుండిపోయాను, గుర్తుందా. కాలు బెణికి. మీరు వెతుక్కుంటూ వచ్చి నా ముందు నుంచే వెళ్ళిపోతున్నారు. నేను ఎర్ర జాకెట్ వేసుకుని ఎదురుగా కూర్చున్నా. చెయ్యి ఊపితే అప్పుడు ఆగారు. ఏడిపిస్తున్నారనుకున్నాను."

"ఏడిపించలేదమ్మా," అన్నాడు ఆయన. "చెయ్యి కదిలింది కాబట్టి చూశాను. లేకపోతే వెళ్ళిపోయేవాణ్ణే."

భార్య కాక, తన మాట నిజమని ఒప్పుకున్న మొదటి మనిషి డాక్టరమ్మే. ఆ సాక్ష్యంతోనే తన ఆదివారం పోతుందని ఆయనకు అర్థమైంది. అయినా మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

దర్జీ గొంతు తగ్గించి, "మరి ముందు నడవడం..." అని ఆగిపోయాడు.

బావమరిది మెల్లగా వేళ్ళు మడిచాడు. "గద్ద ఎత్తుకెళ్ళింది నారింజది. ఎలుగుబంటికి ఇచ్చింది ఎర్రది." కాసేపు బావ మొహంలోకి చూశాడు. "నేనిచ్చినవే అన్నీ. ఇంకా ఎర్రగా, ఇంకా ఎర్రగా అని ఏరి ఏరి ఇచ్చాను. ఒక్క మాట చెప్పుంటే ఏం పోయేది బావా."

"చెబితే కొండెక్కనిచ్చేవాడివా."

జవాబు ఏమిటో ఇద్దరికీ తెలుసు.

"అయినా తప్పు నా ఒక్కడిదే కాదురా," అన్నాడు కోతలాయన, కొంచెం ఊపిరి పీల్చుకుని. "పసుపునీ పచ్చ అంటాం, ఆకునీ పచ్చ అంటాం. భాషే రెండు రంగులు కలిపేసుకుని హాయిగా ఉంది. నేను ఇంకొక్కటి చేర్చుకున్నాను, అంతే."

ఎవరో చిన్నగా నవ్వారు. ఆ నవ్వులో ఎగతాళి లేదు.

"మరి మీకు బాగా కనబడేది ఏది?" అంది డాక్టరమ్మ.

ఆయన దొడ్డి అవతలి మూలకు తిన్నగా నడిచాడు. తడమలేదు, ఆగలేదు. వంగి నీలం కత్తి తీసుకుని తిన్నగా తిరిగొచ్చాడు. నడక చూస్తే కొండ మీద చూసే నడకే.

"అయితే కత్తులూ పట్టీలూ నీలమే," అంది డాక్టరమ్మ. "మాకెలాగూ అన్నీ కనబడతాయి. ఇబ్బంది పడేది ఒక్కరే కదా, ఆయనకు కనబడేదే కొందాం." దర్జీ తలాడించాడు.

అక్కడితో అయిపోయిందనుకున్నారు అందరూ. అవలేదన్నవాడు కోతలాయనే.

"మన పట్టీలు నీలం. మరి కొండ మీద మనమే ఉంటామా? ఇంకెవరో ఎర్ర చొక్కా వేసుకుని ఎక్కడో పడి ఉంటే? చెయ్యి ఊపే ఓపిక లేకపోతే?" పిడి మీద బొటనవేలు రాస్తూ అన్నాడు. "దారి నాకు తెలుసు. కానీ నా పక్కన ఎరుపు తెలిసినవాడొకడు నడవాలి. లేదంటే నేను రాను."

ఆ మాట అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో ఆయన భార్యకు తెలిసింది. ముందు ఒక్కడే నడిచే చోట ఇంకొకడికి జాగా ఇవ్వడం రాజులకు అలవాటు లేని పని. ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, తమ్ముడి వైపు చూసింది.

"నన్నేం చూస్తావు అక్కా. నా పొట్ట చూశావా. ఇన్నేళ్ళుగా కొండలెక్కేవాళ్ళకు బూట్లమ్ముతున్నా, ఒక్క గుట్ట ఎక్కిన పాపాన పోలేదు."

"నీ పొట్ట ముందు నడుస్తుంది, నువ్వు దాని వెనక నడువు," అంది ఆవిడ. "రంగులు చూడటానికి కళ్ళు కావాలి గానీ కాళ్ళతో ఏం పని."

"రోజంతా రంగులు చూసి అమ్మేవాడివి. నీకంటే మొనగాడు ఎక్కడ దొరుకుతాడురా నాకు," అన్నాడు కోతలాయన.

బావమరిది ఆ పొగడ్తకు పడిపోయాడో, ఏరి ఏరి ఇచ్చిన ఎరుపు ఇంకా గుచ్చుతోందో, గొణుక్కుంటూనే కొట్లోకి వెళ్ళాడు. తను అమ్మే బూట్లు తనే మొదటిసారి తొడుక్కున్నాడు. బిగుతుగా ఉన్నాయని అరిచాడు. కొనేవాళ్ళకు రోజూ తను చెప్పే మాటే, నడిస్తే సరిపోతాయన్న మాట, దర్జీ ఆయనకు చెప్పాడు. చివరికి బావమరిది జాకెట్ల వరస దగ్గర నిలబడి, తళతళలాడే నారింజది అందుకుని ఒక చెయ్యి దూర్చాడు.

కోతలాయన దాన్ని ఆయన భుజం మీద నుంచి లాగేసి, నీలం జాకెట్ తెచ్చి కప్పాడు.

"ఎర్ర చొక్కాల వాళ్ళను నువ్వు వెతుకు. నువ్వు తప్పిపోతే వెతకాల్సింది నేను."

జిప్పు పొట్ట దగ్గర ఆగిపోయింది. ఊపిరి బిగబట్టమని చెప్పి, కోతలాయనే పైకి లాగాడు.