పైన రోడ్డు లేని పిల్లర్లు

మా బిడ్డ మూడో తరగతి చదువుతున్నప్పటి ముచ్చట. ఒకనాడు డ్యూటీ దిగి ఇంటికొస్తుంటే ఫోన్ల బడి గ్రూపు మెసేజ్ వచ్చింది. శనివారం బడిల ప్రదర్శన ఉందట. ఇంట్ల పడేసే డబ్బాలు, సీసాలు, కవర్లతోని పిల్లలు ఏదన్న ఒకటి చేసి తేవాలెనట. తల్లిదండ్రులు చెయ్యి పెట్టొద్దని ఒక లైను. చేసింది నీటుగ ఉండాలని దాని కిందనే ఇంకో లైను. ఎనిమిదేండ్ల పిల్ల ఒక్కతే చేస్తే నీటుగ ఎట్లొస్తదో రాసిన టీచరమ్మకే తెల్వాలె.

నేను నాచారంల ఒక మందుల కంపెనీల ప్యాకింగ్ పని చేస్త. పొద్దంతా నా చేతులల్ల అట్టడబ్బాలే. మడుచుడు, మాత్రల పట్టీలు పెట్టుడు, మూసుడు. ఇంటికొచ్చినంక మళ్ల డబ్బాలంటే ఎవరికి పాణం లేస్తది? పోనీ కంపెనీల నుంచే రెండు ఖాళీవి తెద్దామంటే అదీ కాదు. పేరు అచ్చుపడ్డ డబ్బా బయటికి పోతే అండ్ల ఎవడన్న నకిలీ మందు పెట్టి అమ్ముతడని భయం. పాడైన వాటిని సుత మేమే చింపి సంచులల్ల వెయ్యాలె. గేటు కాడ బ్యాగులు చూసి గని బయటికి పంపరు.

"మమ్మీ, నువ్వు రోజు డబ్బాలల్లనే పని చేస్తవు గదా. ఒక్కటి తేలేవా?" అని బిడ్డ మొహం చిన్నగ చేసుకున్నది.

సరే, ఇంట్లనే ఏదన్న దొరుకుతదనుకున్న. ఇంట్ల మా అత్తమ్మ ఉంది. జనగామ దిక్కు పల్లె నుంచి వచ్చి మా కాడ ఉండబట్టి చానా ఏండ్లాయె. ఆమె వచ్చిన కాడికెంచి మా ఇంట్ల పడేసే వస్తువే లేదు. పాల ప్యాకెట్లు కడిగి తీగ మీద ఆరేస్తది. నూనె డబ్బల బియ్యం, ఐస్‌క్రీం డబ్బల చింతపండు. మున్సిపాలిటీ చెత్త బండి వస్తే మా ఇంట్ల నుంచి పోయేది కూరగాయల తొక్కలే.

బిడ్డ వంటింట్లకు పోయి ఒక ప్లాస్టిక్ డబ్బ తీసింది.

"ముట్టకు. అండ్ల మెంతులున్నయి," అన్నది అత్తమ్మ.

ఇంకోటి తీసింది.

"అండ్ల ఎండు మిరపకాయలు."

మంచం కింది చెప్పుల డబ్బ గుంజితే, "అయ్యో, అండ్ల మీ తాత ఫోటోలున్నయే!" అని ఉరికొచ్చింది.

"అత్తమ్మా, ఖాళీది ఒక్కటన్న లేదా?" అన్న నేను.

"ఖాళీగెందుకుంటది? ఖాళీగ ఉంచేటందుకు దాస్తరా ఎవరన్న?"

"బడిల చెత్తతోని చేసుకరమ్మన్నరు."

"మనింట్ల చెత్త ఏడిది? చెత్త ఉన్నోళ్లనడగమను."

ఆమెతోని వాదించే ఓపిక లేక బిడ్డను తీసుకొని మెయిన్ రోడ్డు మీది స్టేషనరీ షాపుకు పోయిన. నేనింకా నోరు తెరవనే లేదు. బిడ్డ యూనిఫాం చూసి షాపాయన, "వేస్ట్ కిట్టేనా అక్కా?" అని ఒక కవర్ తెచ్చి ముందల పెట్టిండు. చూస్తే అండ్ల కొత్త ఐస్‌క్రీం పుల్లలు, కొత్త పేపర్ కప్పులు, మీద ఏమీ చుట్టకుంటనే అమ్మకానికొచ్చిన అట్ట గొట్టాలు.

"అన్నా, ఇవన్నీ కొత్తయే గదా?"

"పక్కా కొత్తయక్కా. ఒక్కటి సుత ఖరాబుండదు."

"చెత్తతోని చెయ్యాలన్నా."

"అందుకే గదక్కా దానికి వేస్ట్ కిట్టని పేరు. మీ బడోళ్లందరు గిదే తీస్కపోతున్రు."

మా ఆయనకు ఫోన్ చేస్తే, "కొనుక్కపోవే, పీడ పోతది," అన్నడు. కొంటే పీడ నిజంగనే పోతుండె. కని చెత్త పేరు చెప్పి కొత్త సామాన్లు కొనుడేందని నేను మొండికేసిన. ఉత్త చేతులతోనే మర్లొచ్చినం. తొవ్వ పొడుగునా బిడ్డ ఏడుస్తనే ఉంది.

ఆ ఏడుపుకు అత్తమ్మ మనసు కరిగింది. బీరువ సందుల నుంచి ఒక సంచి గుంజి కింద పెట్టింది. పేస్టు డబ్బాలు, చాయపత్త డబ్బాలు, సబ్బు డబ్బాలు, అన్నీ నలగకుంట ఉన్నయి. ఏ అవసరానికి దాచిందో దేవునికే ఎరుక.

"తీస్కో బిడ్డా. కని కొయ్యొద్దు. గమ్ము పెట్టొద్దు. రంగు పుయ్యొద్దు. అయినంక నావి నాకియ్యాలె."

"కొయ్యకుంట, అతకకుంట ఏం చేస్తదత్తమ్మా?" అని నేను తల పట్టుకున్న.

బిడ్డ మాత్రం ఏడుపు బంజేసింది. పేస్టు డబ్బను నిలువుగ నిలబెట్టింది. దాని నెత్తి మీద సబ్బు డబ్బను అడ్డంగ పెట్టి కొంచెం ఎనక్కి జరిగి చూసింది.

"మమ్మీ, పిల్లర్!"

మా చర్చి మేడిపల్లిల ఉంటది. ప్రతి ఆదివారం ఉప్పల్ మీదికెంచే పోతం. ఆ రోడ్డు నడుమల ఫ్లైఓవర్ కోసం లేపిన పిల్లర్లే పిల్లర్లు, పైన రోడ్డు మాత్రం ఇంకా పడలే. పిల్లకు బుద్ధి తెలిసిన కాడికెంచి వాటినే చూస్తున్నది. పాత పేపర్ రోడ్డులెక్క పరిచి దాని మీద వరుసగ పిల్లర్లు నిలబెట్టింది. నేను చెయ్యి పెట్టలే. పెట్టేటందుకు ఏమున్నది గనుక?

శనివారం అత్తమ్మ కూడ మంచి చీర కట్టుకొని మాతోని బయలెల్లింది. మనవరాలిని చూసేటందుకు కాదు, డబ్బాలకు కావలి. హాలు నిండ లైట్లు వెలిగే చార్మినార్లు, చేతులూపే రోబోలు. చేసిన తండ్రులే పక్కన నిలబడి వైర్లు సదురుతున్రు. షాపుల చూసిన కొత్త పుల్లలు అడుగడుగున కనిపించినయి. నాకు ఒళ్లు మండింది.

టీచరమ్మ మా టేబుల్ కాడికొచ్చింది. "మేడం, ఇది సగమే ఉందండి. పైన రోడ్డేది?"

నిజమే గదా అని, "ఒక అట్టముక్క పైన పెడదాం బిడ్డా," అన్న.

"ఆడ లేదు గదా మమ్మీ. పెడితే అబద్ధమైతది."

టీచరమ్మ నా దిక్కు చూసింది. నేను ఎటు చూడాల్నో తెల్వక ఫ్యాను దిక్కు చూసిన. ఎవరో అప్పుడే దాని స్పీడు పెంచిన్రు. గాలికి పిల్లర్లన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డయి. టీచరమ్మ గబగబ పోయి గమ్ము సీసా తెచ్చింది. అత్తమ్మ కుర్చీల నుంచి లేచింది.

"గమ్ము వద్దు బిడ్డా. అవి నావి."

"గట్టిగా నిలబడాలి కదమ్మా?"

"పడితే మళ్ల నిలబెడతం. దానికేమాయె?"

భూమి చీలి నన్ను లోపటికి తీసుకుంటే బాగుండనిపించింది. బిడ్డ కింద పేపర్ పరిచి మళ్ల మొదలుపెట్టింది. పక్క టేబుల్ కాడ ఉన్న ఒక తండ్రి వచ్చి గొంతుకూసున్నడు. ఆ పిల్లర్ల రోడ్డు పక్కనే బోడుప్పల్ల ఉంటడట. ఒక పిల్లర్ నిలబెట్టి, "ఇది మా గల్లీ మలుపు కాడిది గదా?" అన్నడు. అదే రోడ్డు మీద పీర్జాదిగూడల ఉండే ఇంకొకాయన వచ్చి, "కాదన్నా, అది ఇంకింత ముందుకుంటది," అని దాన్ని జరిపిండు. ఏ పిల్లర్ కాడ ఎవరి బండి ట్రాఫిక్‌ల ఎంతసేపు ఆగిందో చెప్పుకుంట ఇద్దరు వాదులాట పెట్టుకున్నరు. గాలికి పడుడు, వాళ్లు లేపుడు. మా బిడ్డ పెద్దమేస్త్రిలెక్క వాళ్లకు పని చెప్పుకుంట నిలబడ్డది.

ఇంతల ప్రిన్సిపాల్ సార్ వచ్చిండు. "మరి రోడ్డు ఎప్పుడు వేస్తావమ్మా?"

"నాకు తెల్వది సార్. నేను పిల్లర్లే చేసిన."

చుట్టున్నోళ్లందరు పక్కుమన్నరు. సార్ కూడ నవ్విండు. బిడ్డకు మాత్రం నవ్వెందుకో అర్థం కాలే. తప్పు చెప్పిన్నా అన్నట్టు నా దిక్కు చూసింది. తప్పేం కాదని తలూపిన.

ప్రైజు రోబోకు వచ్చింది. అంతా అయినంక అత్తమ్మ డబ్బాలన్నీ మడత పడకుంట సంచిల పెట్టుకున్నది. మేం బయటికొచ్చేవరకు గేటు పక్కన పెద్ద కుప్ప ఉంది. ఇంటికి మోసుకపోలేక చానామంది వాళ్లవి ఆడనే పడేసి పోయిన్రు. అత్తమ్మ వంగి ఒక చార్మినార్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది.

"మంచి డబ్బ. గమ్ము పూసి దేనికీ రాకుంట చేసిన్రు."

"అత్తమ్మా, అందరు చూస్తున్రు. నడువు," అని చెయ్యి పట్టి ఆటో కాడికి గుంజుకొచ్చిన.

ఆటోల కూసున్నంక బిడ్డ అడిగింది. "నాకు ప్రైజెందుకు రాలే మమ్మీ?"

"పైన రోడ్డు లేదని కావచ్చు."

"అయితే? రోడ్డు నేనెయ్యాల్నా?"

మూతి ముడుచుకొని బయటికి తిరిగి కూసున్నది. వారమంతా నేను పడ్డ చిరాకంతా ఆ మొహంల కనిపించింది. దగ్గరికి గుంజుకుందామంటే రాలే. ఇల్లు వచ్చేదాంక గట్లనే కోపంగ కూసున్నది. నా బిడ్డే అనుకున్న.