బిళ్ల కింద బుడగ

ఫైనా పెత్రోవ్నాకు ఒళ్లు మండిపోయింది. మండదూ మరి! మాస్కోలోని ఆ ప్రయోగశాలలో పంతొమ్మిదేళ్లుగా ప్లాటినం బిళ్లలకు మెరుగు పెడుతున్న మనిషి. యుద్ధకాలంలో చలికి వేళ్లు కొంకర్లు పోతున్నా, ఒక్క గీత పడకుండా మఖ్మల్ గుడ్డ మీద రుద్దింది. అలాంటి మనిషి పేరును ‘నిర్లక్ష్యం’ అన్న మాట పక్కన రాసి గోడపత్రికలో అంటించారు! శుక్రవారం సమావేశంలో పనిలోంచి తీసేస్తారట కూడాను.

ఫిర్యాదు చేసిన ఘనుడు రొస్తిస్లావ్, పరిశోధక విద్యార్థి. ద్రావణంలో తిరిగే బిళ్ల కింది నుంచి ద్రవాన్ని పైకి లాక్కుని అంచులకు విసురుతుంది. తిరిగే వేగం నాలుగింతలైతే, ఆ ద్రవం బిళ్లను తాకినప్పుడు పుట్టే కరెంటు రెండింతలు కావాలి. అతనికి ఎప్పుడూ తక్కువే వచ్చేది. ఇంకేముంది, బిళ్ల సరిగ్గా రుద్దలేదని నింద ఆవిడ నెత్తిన పడేశాడు.

శుక్రవారం అందరూ చేరారు. విభాగాధిపతి గ్లేబ్ అర్కాద్యెవిచ్ గొంతు సవరించుకున్నాడు.

"మీ వయసు కూడా చూడాలి కదా, ఫైనా పెత్రోవ్నా. కళ్లు..."

"నా కళ్ల సంగతి తర్వాత! ముందు ఇతగాడి చేతుల సంగతి చూడండి. ఏం బాబూ, రోజూ చేసినట్టే ఇక్కడ చేసి చూపించు."

రొస్తిస్లావ్ టై సర్దుకుని, బిళ్ల బిగించిన కడ్డీని నిటారుగా ద్రావణంలోకి దించాడు. మోటారు తిప్పాడు. కరెంటు మళ్లీ తక్కువే.

"చూశారుగా?" అన్నాడు దర్జాగా.

ఆవిడ మోటారు ఆపి, చేతిసంచిలోంచి అద్దం తీసి గాజుపాత్ర కింద పెట్టింది. బిళ్లకు నట్టనడుమ ఆవగింజంత గాలిబుడగ అతుక్కుని ఉంది.

"నిటారుగా దించితే గాలి నడిమధ్యన ఇరుక్కుంటుంది, ఎంత తిప్పినా కదలదు. అది ఉన్న మేర ద్రవం బిళ్లను తాకదు, కరెంటు తగ్గుతుంది. ఏటవాలుగా దించమని ఎన్నిసార్లు మొత్తుకున్నాను! 'రుద్దడం వరకే నీ పని, బామ్మా' అన్నావే!"

కడ్డీని పైకి తీసి, తనే ఏటవాలుగా దించింది. ఈసారి కరెంటు లెక్క ప్రకారం వచ్చింది.

"సరే సరే, పొరపాటైంది. ఆ కాగితం రేపు తీసేద్దాంలెండి," అన్నాడు గ్లేబ్ అర్కాద్యెవిచ్.

"రేపా! మూడు రోజులుగా క్యాంటీన్‌లో నా బల్ల దగ్గర ఒక్కరైనా కూర్చున్నారా?"

విసవిసా వెళ్లి గోడ మీది కాగితం ఊడబీకి తెచ్చి, రొస్తిస్లావ్ ముందు పడేసింది. అతను తల వంచుకుని ఆవిడ పేరు కొట్టేశాడు. కలం మూత పెట్టబోయాడు.

"ఖాళీగా వదిలేస్తావేం? నీ పేరు రాయడం రాదా?"

అందరూ చూస్తుండగా రాశాడు. ఆవిడే తీసుకెళ్లి ఆ కాగితాన్ని మళ్లీ అక్కడే అంటించింది.