ఇవాళ గుడి మూసేశారు

బ్యాంకాక్‌లో పెద్ద గుడి ముందు టుక్‌టుక్ ఆటో నిలుపుకునే ప్రసేత్, అద్దానికి కట్టిన మల్లెదండ సవరిస్తూ, వచ్చిన ప్రతి పరదేశికీ ఒకటే మాట చెబుతాడు: "ఇవాళ గుడి మూసేశారు సార్, పూజ ఉంది." గుడి తెరిచే ఉంటుంది. ఆపైన వాళ్లను రత్నాల కొట్టుకు తోలుకుపోతాడు; బేరం తెచ్చినందుకు ఆ కొట్టువాడు అతని బండికి పెట్రోలు పోయిస్తాడు. తను మాత్రం ఎవరినీ నమ్మడు. కొబ్బరిబోండమైనా కళ్లముందు కొట్టిస్తేనే తాగుతాడు.

బిడ్డ జ్వరం తగ్గిందని, మొక్కు తీర్చడానికి భార్య లమ్యైతో ఉత్తరాన చియాంగ్‌మాయ్ ఊళ్లోని కొండగుడికి వెళ్లాడు. అక్కడి ముసలి డ్రైవరు, "కొండమీది గుడి ఇవాళ మూసేశారు నాయనా, మరమ్మతు" అన్నాడు. "ఈ కథ నాకే చెబుతావా తాతా!" అని ప్రసేత్ పగలబడి నవ్వి, మిట్టమధ్యాహ్నం భార్యను మెట్లన్నీ ఎక్కించాడు.

తలుపుకు తాళం ఉంది. దాన్ని గట్టిగా లాగి చూసి, వెనక దారి వెతకబోయాడు. మొక్కుకు తెచ్చిన తామరమొగ్గలు వాడిపోతే వాటిని ఒళ్లో పెట్టుకుని లమ్యై మెట్టుమీద కూలబడింది. "వెళ్లు, వెళ్లు. ఈ తాళమూ అబద్ధమే కదా! దీనికి పెట్రోలు పోయించే కొట్టెక్కడుందో కనుక్కుని రా."