మా వదిన లేక్ వాక్

మా వదిన అంటే మావారి అక్కయ్య. ఏలూరులో ఉంటుంది. ఆవిడ భర్త అన్నయ్యగారిది తవుడు వ్యాపారం. మేం తాడేపల్లిగూడెంలో ఫ్యాన్సీ షాపు నడుపుకుంటున్నాం. మధ్యలో రైలు ప్రయాణం ఉంది గాని, మా ఇంట్లో ఏం వండాలో, ఎవరిని గడప దాటనివ్వాలో చెప్పడానికి ఆ దూరం ఆవిడకెప్పుడూ అడ్డు రాలేదు. మా పైవాటాలో బ్యాంకు ఉద్యోగి కుటుంబం ఒకటి అద్దెకుండేది. నెమ్మదైన మనుషులు. ఒక ఆదివారం వాళ్ళు చేపల పులుసు పెట్టుకున్నారు. అదే రోజు మా వదిన వచ్చింది. మెట్ల మీదే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, "మన ఇళ్ళల్లో చేప పొయ్యెక్కడమేంటమ్మా! మన వంశంలో ఉందా ఇది?" అంది. నెల తిరక్కుండా వాళ్ళు ఖాళీ చేశారు. పాపం, వెళ్ళేటప్పుడు కూడా మాకు నమస్కారం పెట్టే వెళ్ళారు.

ఆ వదిన, అన్నయ్యగారు పోయిన ఎండాకాలం ఒక టూరు బృందంతో స్కాట్లాండ్ వెళ్ళొచ్చారు. అక్కడ ఏదో దీవిలో మూడు రోజులు ఉంచారట. బృందంలో మిగతావాళ్ళు బస్సులో కూర్చుని పులిహోర పొట్లాలు విప్పుకుంటూ ఉంటే, వీళ్ళిద్దరూ మాత్రం హోటలు వాళ్ళు చెప్పిన దారుల్లో నడిచారట. సముద్రం ఒడ్డున ఒక దారి, సరస్సు చుట్టూ ఇంకో దారి. రెండూ బాగా తేలికైన నడకలేనని, చంటిపిల్లల బండి తోసుకుంటూ కూడా వెళ్ళొచ్చని అన్నయ్యగారే నాకు చెప్పారు. మా వదిన చెబుతుంటే మాత్రం ఏదో కొండ శిఖరం మీద జెండా పాతి వచ్చినట్టుండేది.

"అక్కడ సరస్సుని లేక్ అనరమ్మా. లాఖ్ అంటారు" అని నాకు నేర్పించింది. ఆ 'ఖ్' గొంతు లోపల్నుంచి రావాలట. నేను అన్నాను. చాలదంది. మావారి చేత అనిపించింది. ఆయనకి దగ్గొచ్చింది. "ఆఁ, అలాగే!" అని మెచ్చుకుంది.

తిరిగొచ్చాక ఆవిడ మామూలు మనిషి కాలేకపోయింది. ఏలూరు ఉక్కలో వాన జాకెట్టు వేసుకుని కూరగాయలకి వెళ్ళేది. మడమల పైదాకా వచ్చే బూట్లు, మడిచి సంచిలో పెట్టుకునే రెండు చేతికర్రలు, మెడలో దూరం చూసే దుర్భిణి. ఇవన్నీ వేసుకుని నడవడానికి చోటేదీ అని కొన్నాళ్ళు బాధపడింది. అప్పుడు ఎవరో కొల్లేరు గుర్తు చేశారు.

పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ కొల్లేటికి కూతవేటు దూరంలో ఉన్న మనిషి, దాన్ని ఆ రోజే కనిపెట్టింది. వెంటనే ఫోను చేసింది.

"ఆదివారం పొద్దున్నే వచ్చెయ్యండమ్మా. మనకీ ఉంది లాఖ్. వీళ్ళకి చూసే కళ్ళు లేవంతే."

వెళ్ళాం. వెళ్ళకపోతే ఏమవుతుందో మాకు తెలుసు. తెల్లవారుజామున రైలెక్కి ఏలూరులో దిగేసరికి అన్నయ్యగారు కారుతో స్టేషను బయట ఉన్నారు. వదిన ముందు సీట్లో ఫోనులో మ్యాపు తెరిచి కూర్చుంది. మ్యాపు నిండా నీలం రంగే. "చూశావా ఎంత నీరో! ఈ మండవల్లి వైపు మరీ ఎక్కువగా ఉంది" అంది.

"మండవల్లి వద్దులేవే" అన్నారు అన్నయ్యగారు. "అటు రోడ్డు బాగోదు. భీమడోలు వైపు వెళ్దాం. టిఫిను కూడా బాగుంటుంది."

"టిఫినుకి వచ్చామాండీ మనం? నడకకి వచ్చాం."

"దోమలెక్కువ అటు."

"స్కాట్లాండ్‌లో లేవా దోమలు? నడవలేదూ?"

ఆయన స్టీరింగు తిప్పారు. కారు మండవల్లి దారి పట్టింది. మధ్యలో ఒకసారి టైరులో గాలి తగ్గినట్టుందన్నారు. దిగి చూస్తే బాగానే ఉంది. ఇంకోసారి తలనొప్పిగా ఉందన్నారు. వదిన సంచిలోంచి మాత్ర తీసిచ్చింది.

మ్యాపులో నీలం ఎక్కడ చిక్కగా ఉందో అక్కడ కారాపించింది. దిగి చూస్తే అన్నీ చేపల చెరువులే. ఒక చెరువు, దానికో మట్టి గట్టు. ఆ గట్టు అవతల ఇంకో చెరువు. నీళ్ళల్లో అక్కడక్కడా కర్రలు పాతి, వాటికి చిల్లులు పెట్టిన తవుడు సంచులు వేలాడదీశారు. గట్ల పక్కన కొంగలు వరసగా నిలబడి చూస్తున్నాయి. సరస్సు అనదగ్గది కనుచూపు మేరలో లేదు.

అన్నయ్యగారు కారు దిగలేదు. మోకాలు నొప్పి, మీరు వెళ్ళిరండి అన్నారు. అద్దం సగం దించుకుని, పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

మేం ముగ్గురం గట్టెక్కాం. వదిన ముందు, కర్రలు రెండూ టకటకా పొడుచుకుంటూ. వెనక నేను చెప్పులతో, నా వెనక మావారు నీళ్ళ సీసాలతో. కొంత దూరం వెళ్ళేసరికి గట్టు మీద గడ్డి కోస్తున్న ఒకావిడ లేచి నిలబడింది. వదిన వైపు ఎంతో జాలిగా చూసి, "రెండు కాళ్ళకీ ఆపరేషనైందాండీ? ఈ గట్ల మీద ఎందుకండీ అమ్మగారూ, పడిపోతారు" అంది.

వదిన మొహం ఎర్రబడింది. "ఇది వాకింగు!" అంది.

"అలాగేనండి" అందావిడ, ఇంకా జాలిపడుతూనే.

"కొల్లేరు ఎటువైపమ్మా?" అని నేనడిగాను.

"కొల్లేరంటే ఇదేనండి. మీరు నుంచున్నదేనండి. అంతా చెరువులు తవ్వేశారు కదండీ. నీళ్ళు చూడాలంటే అదిగో, ఆ గట్టు దాటాక ఇంకో గట్టు, దాని అవతలికి పడవ మీద పోవాలండి."

వదిన దుర్భిణి ఎత్తి ఆ వైపు చూసింది. ఇంకో గట్టు కనిపించింది. తిరిగి దించి, "ఛ, ఎవరండీ ఈ పని చేసింది? ఇంత అందమైన సరస్సుని చేపల కోసం నాశనం చేస్తారా? అక్కడైతే జైల్లో పెడతారు!" అని గట్టిగా అంది. గట్టు మీద ఉపన్యాసం మొదలైంది. స్కాట్లాండ్‌లో గడ్డిపరక కూడా పీకరట. అక్కడి జనానికి ప్రకృతంటే ప్రాణమట. మనవాళ్ళది వట్టి కక్కుర్తట. మావారు సీసా మూత తీసి సగం నీళ్ళు తాగేశారు.

ఇంతలో మోటారు సైకిలు మీద ఒకాయన గట్టు వెంట దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగాడు. చెరువుల మీద సూపర్వైజరట. వదిన జాకెట్టునీ, దుర్భిణినీ, కర్రల్నీ చూసి చేతులు జోడించాడు.

"నమస్కారమండీ మేడం గారూ! సర్వేకి వచ్చారాండీ? ముందుగా కబురు చేస్తే బొండాలు కొట్టించి ఉంచేవాణ్ణండీ. మావి పాత చెరువులేనండి, కొత్తగా ఏం తవ్వలేదండి."

తనని ఆఫీసరనుకున్నారని వదినకి అర్థమైంది. కాదు అని చెప్పడానికి నోరు తెరిచింది గాని, మాట మాత్రం వేరేది వచ్చింది. "ఎవరివి ఈ చెరువులు?" అని అడిగింది, కర్రతో నేల మీద ఒక పోటు పొడిచి.

"ఏలూరు అయ్యగారివండీ. లీజుకి తీసుకున్నారండి. తవుడు కూడా వారిదేనండీ."

మావారు నావైపు చూశారు. నేను కారు వైపు చూశాను. వదిన మాత్రం ఇంకా ఆఫీసరుగానే ఉంది. "ఆయన నంబరివ్వండి. మాట్లాడతాను" అంది.

సూపర్వైజరే నంబరు నొక్కి, స్పీకరు పెట్టి ఫోను వదిన చేతికి ఇచ్చాడు. అవతల రింగవుతోంది. రోడ్డు మీద ఆగి ఉన్న మా కారులోంచి పాట వినిపించింది. అన్నయ్యగారి ఫోను పాట. ఆ ఖాళీ గట్ల మీద ఏ శబ్దమైనా బాగా సాగుతుంది. సూపర్వైజరు తలెత్తి చూసి, "అరె, అయ్యగారు కారులోనే ఉన్నారే! చెప్పలేదేంటండీ!" అని సంబరంగా పరిగెత్తాడు.

అన్నయ్యగారు పేపరు మడిచి దిగారు. మోకాలి నొప్పి ఏమైందో గాని చక్కగానే నడిచొచ్చారు.

"చేపలా?" అంది వదిన.

"తవుడేనే. మనది తవుడు వ్యాపారమే కదా. వాటికి తవుడు వేస్తామంతే."

"తవుడు తిన్నాక అవేమవుతాయండీ?"

అన్నయ్యగారు కొంగల వైపు చూశారు. పక్కనున్న సూపర్వైజరు మర్యాదగా అందుకున్నాడు. "లారీ ఎక్కుతాయండీ అమ్మగారూ. ఐసు వేసి కలకత్తా పంపుతామండీ."

నాకు నవ్వొచ్చింది. మా పైవాటా వాళ్ళు కూడా గుర్తొచ్చారు. వాళ్ళ పులుసు గిన్నె ఎంతుండేదో, ఇప్పుడు నా ముందున్న నీళ్ళెంతో చూసుకుంటే ఆ నవ్వు కాస్తా చేదెక్కింది. "వదినా, మన వంశంలో ఉందా ఇది?" అన్నాను. మెల్లగానే అన్నాను గాని వినపడింది. మావారు నా చెయ్యి పట్టుకుని లాగారు. ఆవిడ కర్రలు రెండూ మడిచేసి కారు వైపు నడిచింది.

తిరుగు దారిలో వదిన ముందు సీటు వదిలేసి వెనక నా పక్కన కూర్చుంది. ఇంటికెళ్ళాక మొగుడూ పెళ్ళాలిద్దరికీ పెద్ద గొడవ జరుగుతుందనుకున్నాను. జరిగిందట కూడా. తర్వాత మావారికి బావగారే ఫోనులో చెప్పుకున్నారు. చేపల వ్యాపారం ఎందుకు చేశారని కాదట ఆవిడ కోపం. మనకింత సొంత లేక్ ఉందని తనకి ఇన్నేళ్ళు చెప్పనందుకట.

నెల తిరిగేసరికి ఆ గట్టు మారిపోయింది. గుంటలు పూడ్చి ఎర్ర గ్రావెలు పోయించారు. రెండు చోట్ల సిమెంటు బెంచీలు వేశారు. తవుడు సంచులు గట్టుకి దూరంగా జరిపారు. ఆదివారం పూట లారీ రాకూడదని, వల వేయకూడదని సూపర్వైజరుకి ఆర్డరు. గడ్డి కోసుకునే ఆవిణ్ణి అటు రావద్దన్నారు. ఫొటోల్లో పడుతోందట.

ఇప్పుడు ఏలూరు నుంచి వదిన స్నేహితురాళ్ళు పది పన్నెండు మంది వ్యాను మాట్లాడుకుని వస్తారు. అందరికీ బూట్లున్నాయి. కొందరు కర్రలు కూడా కొనుక్కున్నారు. మా వదిన ముందు నడుస్తూ కొంగల పేర్లు చెబుతుంది. అన్నిటికీ ఒకటే పేరు చెబుతుందని నా అనుమానం.

పోయినవారం నన్నూ లాక్కెళ్ళింది. కొత్తగా చేరిన ఒకావిడ నీళ్ళల్లోకి వంగి చూస్తూ, "ఇందులో చేపలుంటాయాండీ?" అని అడిగింది.

"ఉంటాయేమోనండీ. మనం అవన్నీ పట్టించుకోం కదండీ" అంది మా వదిన.

ఆ మాట అంటుంటేనే ఒక పెద్ద చేప పైకెగిరి, దభాలున నీళ్ళల్లో పడి, ఆవిడ జాకెట్టు తడిపేసింది. అందరూ కిలకిలా నవ్వి ఫొటోలు తీసుకున్నారు. వదిన జేబురుమాలుతో తుడుచుకుని, ఇంటికెళ్ళగానే తలస్నానం చెయ్యాలని నాతో మాత్రం చెవిలో చెప్పింది.